పిట్ట తినని చెట్టు

ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి తిన్నా, పశువు తిన్నా, పిట్ట తిన్నా అది సదఖా అని బుఖారీలో హదీసు. ప్రతి బయాన్‌లోనూ వింటాం. మరి సిక్కోలు, విజయనగరం జిల్లాల్లో జమీన్ ఉన్న మనవాళ్లు నాటుతున్నదేమిటి? సరుగుడు, నీలగిరి. నాలుగైదేళ్లకు నరికి లారీ ఎక్కించే సరుకు. రైతుకు పైసా జరూరత్, కాదనను. దాన్ని అడవి అని మాత్రం అనకండి. సరుగుడు తోటకు పండు కోసం వచ్చిన పిట్టను ఎవరైనా చూశారా?

ఈ నేలవి మద్ది, ఇప్ప, నేరేడు, గుగ్గిలం. ఉత్తరాదిలో సాల్ అనే ఆ గుగ్గిలం దక్షిణానికి వచ్చి దాదాపు ఆగిపోయేది మన కొండల దగ్గరే. గింజ నాజూకుది, రాలిన వారంలోపే పాతాలి. తొలకరికి ఏరి అప్పుడే పెట్టాలి, ఇంట్లో దాస్తే బేకార్.

2018 అక్టోబరు 11న తుపాను ఉద్దానం కొబ్బరిని, జీడిని కూల్చేసింది. పేరు తిత్లీ, అంటే సీతాకోకచిలుక! ఒకటి రెండు రకాల చెట్లనే నమ్ముకున్న ఇళ్ల హాల్ ఏమైందో చూశాం.

ఎకరంలో అయిదు సెంట్లు వదలండి చాలు. ఖబరిస్తాన్‌లో అయితే నరికి అమ్ముకునే తొందర ఎవరికీ లేదు. సర్కారు తుమ్మ కొట్టించాక అక్కడ ఏం నాటుతారని వచ్చే జుమా తర్వాత మా కమిటీని అడగబోతున్నాను. మీరూ మీ ఊళ్లో అడగండి.