సగం పనిచేసే ర్యామ్‌తోనే ముప్పు

నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరు వంటి మండల కేంద్రాల్లో బడులు, సేవా కేంద్రాలు, జిరాక్సు దుకాణాలు పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల మీద ఆధారపడటం కొత్త కాదు. కొత్త యంత్రం కొనే స్తోమత లేనిచోట ఉన్నదానికే కొంత ర్యామ్ జోడించి మరికొన్నేళ్లు నడుపుకోవడం సబబైన పొదుపు. ఆ పొదుపును ఎవరూ తప్పుపట్టలేరు. అయితే ‘నాలుగు జీబీ ర్యామ్ ఒకటి వేయండి’ అన్న ఒక్క మాటతో కొనుగోలు ముగిసిపోయే అలవాటు ప్రజల సొమ్ముకూ, అంతకుమించి ప్రజల రికార్డులకూ ప్రమాదకరంగా పరిణమిస్తోంది.

ఈ ప్రమాదం ఇప్పుడే తీవ్రం కావడానికి కారణాలున్నాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కోరే భద్రతా చిప్పు పాత యంత్రాల్లో చాలావాటికి లేదు. కాబట్టి వాటి యజమానులు ఉన్నదాన్నే సాగదీస్తున్నారు. సరిగ్గా ఇదే సమయంలో, ప్రపంచ మెమరీ ఉత్పత్తిలో సింహభాగం చేతిలో ఉన్న శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ సంస్థలు కృత్రిమ మేధ కోసం నడిచే డేటా కేంద్రాల గిరాకీ వైపు మళ్లాయి. సాధారణ వినియోగదారులకు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ధరలు పెరిగాయి. కొత్త సరుకు అందనంత ఖరీదైనప్పుడు కొనేవారి చూపు పాత యంత్రాల నుంచి ఊడదీసిన కార్డుల మీదికి పోతుంది. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లి తెచ్చుకున్నా, ఏది తమ బోర్డుకు పనికొస్తుందో తెలియనివారికి ఆ ప్రయాణం వృథాయే.

ర్యామ్ అంతా ఒకటి కాదు. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 పిన్నులే ఉంటాయి, చూపుకు ఒకేలా కనిపిస్తాయి. కానీ మధ్యనుండే గాడి స్థానం వేరు. విద్యుత్తు కూడా వేరు: మొదటిదానికి 1.8 వోల్టులు, రెండోదానికి 1.5 వోల్టులు. డీడీఆర్4కు 288 పిన్నులు, 1.2 వోల్టులు. గాడి కుదరకపోయినా బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. కొన్ని తేడాలు కంటికి కూడా కనిపించవు. ఇంటెల్ జీ41 చిప్‌సెట్ ఉన్న పాత బోర్డులు పదహారు చిప్పులతో చేసిన నాలుగు జీబీ కార్డును స్వీకరిస్తాయి, ఎనిమిది చిప్పులతోనే చేసిన అదే నాలుగు జీబీ కార్డును సాధారణంగా గుర్తించవు. ఏఎండీ బోర్డులకు మాత్రమే పనికొచ్చే చవక డీడీఆర్3 కార్డులు, సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ కార్డులు అంగడిలో కలిసి దొరుకుతాయి. మామూలు ఇంటెల్ డెస్క్‌టాప్‌కు రెండూ నిరర్థకం. 32 బిట్ల విండోస్ నడిచే యంత్రంలో ఎనిమిది జీబీ పెట్టించినా నాలుగుకు మించి ఉపయోగపడదు. ఆ మాట అమ్మేవారు చెప్పాలి, కొనేవారు అడగాలి.

అసలు పనిచేయని కార్డు నిజానికి చిన్న నష్టం. యంత్రం బీప్ అని మొరపెట్టుకుంటుంది, కార్డు తిరిగి ఇచ్చేయవచ్చు. మా ఆందోళన సగం పనిచేసే కార్డు గురించి. వేగాలు, వోల్టేజీలు పొసగని రెండు కార్డులను పక్కపక్కన పెట్టినా, అరిగిపోయిన పాత కార్డును పెట్టినా యంత్రం మామూలుగానే తెరుచుకోవచ్చు. సాధారణ డెస్క్‌టాప్ ర్యామ్‌కు తన తప్పును తాను పట్టుకునే శక్తి లేదు. లోపం ఉన్న అరలో పడిన సమాచారం ఆ లోపంతోనే హార్డ్‌డిస్కులోకి చేరుతుంది. నేడు సరిగ్గా దాచామనుకున్న ఫైలు రేపు తెరుచుకోదు. అప్పుడు నింద వైరస్ మీద పడుతుంది. రబ్బరుతో కార్డు పిన్నులు తుడిచి మళ్లీ పెడతారు. మురికి సమస్య అయితే అది నిజంగానే పనిచేస్తుంది, చిప్పులోని దోషాన్ని మాత్రం ఏ రబ్బరూ తుడవలేదు. చివరకు ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కిస్తారు. ఆ ఫార్మాట్‌తో పిల్లల మార్కుల పట్టికలు, దరఖాస్తుల ప్రతులు తుడిచిపెట్టుకుపోతాయి. దోషి అయిన కార్డు మాత్రం స్లాటులోనే ఉండిపోతుంది.

దీన్ని మెకానిక్ చేతివాటంగా తేల్చేయడం న్యాయం కాదు. తక్కువ ధర రాసినవారికే సరఫరా అప్పగించి, పరిమాణం తప్ప మరేమీ పేర్కొనని కొనుగోలు పద్ధతిలోనే లోపముంది. విద్యా పాలనా యంత్రాంగం, స్థానిక సంస్థల్లో ఖర్చుకు బాధ్యులైన అధికారులు ఆర్డరులో మదర్‌బోర్డు మోడల్, ర్యామ్ రకం, వోల్టేజీ, చిప్పుల అమరిక రాయడం తప్పనిసరి చేయాలి. మెమ్‌టెస్ట్86 వంటి పరీక్ష ఒక రాత్రంతా నడిపి, లోపం లేదని తేలాకే బిల్లు చెల్లించాలి. వాడిన కార్డును వాడినదని చెప్పి అమ్మేలా చూడటం వినియోగదారుల రక్షణ వ్యవస్థల కర్తవ్యం. వృత్తి శిక్షణ సంస్థలు ఈ పరీక్షను పాఠంలో భాగం చేయాలి. పనికిరాని కార్డులు చెత్తకుప్పకు చేరకుండా, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అధీకృత సేకరణకు చేరే దారి మండల స్థాయిలోనే ఉండాలి.

యంత్రాంగం కదిలే వరకు ఆగలేనివారికి మా విజ్ఞప్తి ఇది. డబ్బా మూత తెరవనిచ్చే ముందు ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించండి. కరెంటు తీగ తీసేశాక, ఇప్పుడున్న ర్యామ్ కార్డు మీది చీటీనీ, మదర్‌బోర్డు మీద అచ్చయిన మోడల్ పేరునూ ఫోటో తీసి దుకాణానికి తీసుకెళ్లండి. ఆ రెండూ చూడకుండానే ‘ఇది సరిపోతుంది’ అని చెప్పేవారి దగ్గర కొనకండి.