డ్రై వెయిట్

పోయిన నెల ఉద్దానంలో నా బండిని చూడగానే మా మావయ్య అడిగిన మొదటి మాట ఇది: "ఏటల్లుడూ, బండి కొన్నావా? లారీ కొన్నావా?"

నవ్వేశాను గానీ మనసులో కాస్త మంటగానే ఉంది. నాది పాత 411 సీసీ హిమాలయన్. పెట్రోలుతో కలిపి ఖాళీగానే దాదాపు 200 కిలోలు. దానికి రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు, వెనక టాప్ బాక్స్, వీటన్నిటినీ మోసే ఇనుప ఫ్రేమ్. మీ ఫోన్‌లో రైడర్ల రీల్స్ వస్తుంటాయి కదా, అచ్చం ఆ బండిలాగే. నిజం చెప్పాలంటే ఆ రీల్స్ చూసే కొన్నాను.

విశాఖ నుంచి 16వ నంబరు హైవే మీద శ్రీకాకుళం, నరసన్నపేట, కోటబొమ్మాళి దాటి టెక్కలి దాకా ఏ ఇబ్బందీ లేదు. లారీ పక్క నుంచి పోయినప్పుడు మాత్రం వెనక ఎవరో పట్టుకుని ఊపినట్టుండేది. టెక్కలి దగ్గర హైవే దిగి తేలినీలాపురం వెళ్లాను. అక్కడి చెట్ల మీద పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు కాపురం పెడతాయి. తర్వాత నౌపడ ఉప్పు మళ్లు, ఆ తర్వాత భావనపాడు తీరం. ఇసుక కప్పేసిన రోడ్డు తగలగానే అసలు సంగతి తెలిసింది. హ్యాండిల్ తిప్పితే ముందు చక్రం ఒక క్షణం ఆలోచించుకుని తిరుగుతోంది. చివరికి వజ్రపుకొత్తూరు మండలంలో మా మావయ్య ఊరికి చేరి, వాళ్ల సందులో తిప్పబోతూ, పూర్తిగా ఆగిన బండిని ఇసుకలో పడేశాను. లేపడానికి ముగ్గురు రావాల్సొచ్చింది. పైన రాసిన మాట ఆ సమయంలోదే.

మావయ్యకి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఈ మాటకి ఎవరూ ఉలిక్కిపడరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఏ ఊరెళ్లినా ప్రతి వీధికీ చెప్పుకోవడానికి ఒక పేరుంటుంది. కారణం ఇదే అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. మావయ్య వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడు. పొద్దున్న ఏడింటికి మిషన్ దగ్గర ఉండాలి. రోజూ తీసుకెళ్లే ఆటో ఒకటుంది. ఆ రాత్రి ఆటో అబ్బాయి ఫోన్ చేసి బండి పాడయింది, రేపు రాలేనన్నాడు.

"నేనున్నా కదా మావయ్యా" అన్నాను. మాట ఎంత తేలిగ్గా వచ్చిందో!

తెల్లారుజామున ఐదింటికి బయటికొచ్చాం. మావయ్య ఎడమ పక్క నుంచి ఎక్కబోయాడు. కాలు వెనక నుంచి తిప్పుదామంటే టాప్ బాక్స్ అడ్డం. ముందు నుంచి దూరుద్దామంటే పక్క పెట్టె అడ్డం. ఇంకోసారి ప్రయత్నిస్తే పిక్క పట్టేసింది. గోడ పట్టుకుని నిలబడి, "నాను మెయిన్ రోడ్డు దాకా నడిసెల్తాను. ఏదో ఒకటి దొరుకుద్ది" అన్నాడు. కాళ్లు అప్పటికే నీరు పట్టి ఉన్నాయి. ఒక రోజు డయాలసిస్ తప్పితే ఒంట్లో నీరు పేరుకుని ఆయాసం వస్తుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె మీద పడొచ్చు. తప్పించుకునే పని కాదిది.

అరుగు మీద టూల్ కిట్ పరిచాను. అత్త ఫోన్ టార్చి పట్టుకుంది. పెట్టెలు తాళం తీస్తే వచ్చేశాయి. వాటిని మోసే ఫ్రేమ్ మాత్రం మొండికేసింది. సముద్రపు గాలికి ఒక బోల్టు తుప్పు పట్టి కదలనంది. నూనె స్ప్రే తెచ్చుకోలేదు. అత్త లోపలికెళ్లి కొబ్బరినూనె సీసా తెచ్చింది. నాలుగు చుక్కలు వేసి, స్పానర్‌తో నెమ్మదిగా తట్టి, కాస్త ఆగి తిప్పితే లొంగింది. మొత్తం ముప్పై అయిదు నిమిషాలు.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఫ్రేమ్ కోసం పొడుగు బోల్టులు వేస్తారు. ఫ్రేమ్ తీసేశాక అవే బోల్టులు మళ్లీ బిగిస్తే మిగిలిన పొడవు లోపల దేనికైనా తగలొచ్చు. అలాగని వదిలేస్తే వెనకవాళ్లు పట్టుకునే రాడ్ వదులైపోతుంది. కంపెనీ ఇచ్చిన పాత పొట్టి బోల్టులు పారేయకుండా ఒక కవరులో పెట్టుకోండి. నేను ఆ ఒక్క పనీ బుద్ధిగా చేశాను.

పక్కింటివాళ్ల హెల్మెట్ మావయ్య తలకి పెట్టి, బెల్టు బిగించి బయల్దేరాం. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది. డయాలసిస్ సూదులు గుచ్చే నరం అదే. ఆ చేత్తో బరువు లాగకూడదు, దాన్ని నొక్కకూడదు. కుడి చేత్తో రాడ్ పట్టుకుని, ఎడమ చెయ్యి నా భుజం మీద ఊరికే వేశాడు. జీడితోటల మధ్య నలభై దాటకుండా నడిపాను.

విచిత్రం ఏంటంటే, బండి నిన్నటికంటే బాగా నడిచింది. మావయ్య బరువు నేను తీసేసిన సామాను కంటే ఎక్కువే! దారి పొడుగునా దీని గురించే ఆలోచించాను. లెక్క చాలా సింపుల్. రెండు చక్రాల మధ్య దూరం దాదాపు 146 సెంటీమీటర్లు. టాప్ బాక్స్ నడిమధ్య వెనక ఇరుసుకి ఇంకా 35 సెంటీమీటర్లు వెనక ఉందనుకోండి. అది తక్కెడ లాంటిది. 11 కిలోల పెట్టె వెనక చక్రం మీద పదమూడున్నర కిలోలై కూర్చుంటుంది, ముందు చక్రం మీంచి రెండున్నర కిలోలు ఎత్తేస్తుంది. పైగా అది ఎత్తులో ఉంటుంది కాబట్టి బండి వాలినప్పుడు తనూ లాగుతుంది. మనిషి అయితే ఇరుసుకి ముందు కూర్చుంటాడు, బండితో పాటు వాలుతాడు. అంటే ఎంత బరువు అన్నదొక్కటే కాదు, ఎక్కడ ఉందన్నది కూడా అంతే ముఖ్యం.

మావయ్యకి ఇదంతా చెబితే, "సైకిలు మీద కొబ్బరికాయలు కట్టినోడినడిగినా సెప్తాడు. కిందకీ, ముందుకీ కడతాం. ఎనకాల ఎత్తుగా కడితే సైకిలు ముందు కాలు లేపీదా?" అన్నాడు. యూట్యూబ్‌లో నేను గంటలు గంటలు చూసింది ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు.

ఏడింటికి అయిదు నిమిషాల ముందు పలాసలో డయాలసిస్ సెంటర్‌కి చేరాం. ముందు మావయ్యని తూకం మీద నిలబెట్టారు. 54.2. ఫైలు చూసి సిస్టర్ అంది: "డ్రై వెయిట్ 52. రెండు కిలోల పైన తియ్యాలి."

డ్రై వెయిట్! ఆ మాట నాకు బండ్ల దగ్గరే తెలుసు. పెట్రోలు, ఆయిల్ లాంటివి లేకుండా బండి బరువుని అలా అంటారు. ఇక్కడ అదే మాటకి అర్థం వేరు. ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పుడు ఆ మనిషి ఉండాల్సిన బరువు. ఒకసారికీ ఇంకోసారికీ మధ్య ఎంత పెరిగితే అంత నీరు చేరినట్టు. మిషన్ నాలుగు గంటలు పనిచేసి దాన్ని తీస్తుంది. అందుకే మావయ్య రోజుకి తాగే నీళ్లు సీసాతో కొలుచుకుంటాడు. మందులేసుకునే గుక్క కూడా అందులోదే. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, కానీ కొబ్బరినీళ్లు తాగకూడదు. వాటిలో పొటాషియం ఎక్కువ.

ఆ నాలుగు గంటలూ నేను బండితో గడిపాను. ఒక్కడినే ఎక్కి పలాస, కాశీబుగ్గ వీధుల్లో తిరిగాను. జీడిపిక్కలు కాల్చే వాసన గాలిలో ఉంది. ప్రతి గతుకుకీ బండి వెనక భాగం ఎగిరెగిరి పడుతోంది. సామాను కోసం వెనక సస్పెన్షన్ బిగించి ఉంచాను, టైర్లో గాలి ఎక్కువ పెట్టాను. బరువు తీశాను గానీ బండికి ఆ సంగతి చెప్పలేదు! స్పానర్‌తో ప్రీలోడ్ రెండు మెట్లు తగ్గించాను. గాలి మాన్యువల్‌లో ఒక్క మనిషికి రాసిన అంకెకి తెచ్చాను. అప్పుడు కుదురుకుంది. హెడ్‌లైట్ కూడా అంతే. వెనక బరువుంటే వెలుగు పైకి లేస్తుందని కిందికి దించి ఉంచాను. ఇప్పుడు అది నా ముందు చక్రం దగ్గరే పడుతోంది. దాన్నీ సరిచేశాను.

మధ్యాహ్నం మావయ్య బయటికొచ్చాడు. తూకం 52.1. "నా ఎనకాల పెట్టె కూడా తీసీసినారు అల్లుడూ" అన్నాడు. నవ్వాడు గానీ మొహం వాడిపోయి ఉంది. డయాలసిస్ తర్వాత బీపీ పడిపోవచ్చని, కళ్లు తిరగొచ్చని, బైక్ మీద వద్దని సిస్టర్ గట్టిగా చెప్పింది. నేను తీసుకెళ్లడం గురించే ఆలోచించాను, తీసుకురావడం గురించి ఆలోచించలేదు. ఆటో మాట్లాడాను. ఆయన ఆటోలో ఒరిగి కూర్చున్నాడు, నేను వెనకే ఖాళీ బండి మీద.

సాయంత్రం పిక్కలు తూచే కాటాకి నా సామాను వేలాడదీశాం. కుడి పెట్టె 12 కిలోలు, ఎడమ పెట్టె 11, టాప్ బాక్స్ 11, ఫ్రేమ్ 7. మొత్తం 41. పలాసలో జీడిపిక్కల ధర 80 కిలోల బస్తా లెక్కన చెబుతారు. "అరబస్తా మోసుకొచ్చినావు" అంది అత్త.

తర్వాత పెట్టెలు విప్పి మూడు రోజుల్లో వాడినవి ఒక పక్క, వాడనివి ఒక పక్క పెట్టాను. వాడనివి: టెంటు, స్టవ్, రెండో జత బూట్లు, అయిదు లీటర్ల నీళ్ల సంచి, కెమెరా స్టాండు. వాడినవి: రెండు జతల బట్టలు, వానకోటు, టూల్ కిట్, పంక్చర్ కిట్, ఛార్జర్. ఇవన్నీ కలిపి ఆరు కిలోలు. సీటు మీద నా నడుముకి ఆనించి కట్టుకునే ఒక సంచి చాలు. ఆ నీళ్ల సంచిని చూసి మావయ్య ఏమీ అనలేదు. నేనే మడతపెట్టి పక్కకి జరిపాను.

పెట్టెలొద్దని చెప్పడం లేదు. లడఖ్ వెళ్తుంటే కావాలి. ఇద్దరు నెల రోజులు తిరుగుతుంటే కావాలి. అప్పుడు కూడా టాప్ బాక్స్‌లో తేలికవే పెట్టండి. ఎంత బరువు దాటకూడదో దాని మాన్యువల్‌లో ఉంటుంది, చదవండి. బరువైనవి పక్క పెట్టెల్లో అడుగున వెయ్యండి, రెండు పక్కలా సమానంగా. కానీ బండికి పెట్టెలున్నాయి కాబట్టి నింపడం అనేది ఒక జబ్బు. నాకది మూడేళ్లుగా ఉంది.

మర్నాడు బయల్దేరేటప్పుడు పక్క పెట్టెలు, ఫ్రేమ్ ఆర్టీసీ కార్గోలో విశాఖకి వేద్దామని కట్టాను. టాప్ బాక్స్ దగ్గర అత్త ఆగింది. "ఇందులోకి వాన ఎల్దా?" అని అడిగింది. వెళ్లదన్నాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఆ ఇంటి పైకప్పు లేచిపోయింది. కొబ్బరి, జీడి చెట్లతో పాటు మావయ్య ఆసుపత్రి కాగితాలు కూడా పోయాయి. తడిసి ముద్దయిన రిపోర్టులు ఎండబెడితే అక్షరాలు మిగల్లేదు. అప్పట్నుంచి ఫైలు మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి బియ్యం డబ్బాలో పెడుతోంది.

తాళం చెవి అత్త చేతిలో పెట్టాను. ఇప్పుడు నా టాప్ బాక్స్ ఉద్దానంలో ఒక అటక మీద ఉంది. దానిలో ఒక ఫైలు, మందుల చీటీలు, ఆధార్, రేషన్ కార్డు. బరువు కిలో కూడా ఉండదు.