బోగీ నీళ్లు, బయో టాయిలెట్లు: రైల్వే అధికారికి బహిరంగ లేఖ

డివిజనల్ రైల్వే మేనేజర్ గారికి,
ఖరగ్‌పూర్ డివిజన్, ఆగ్నేయ రైల్వే.

అయ్యా,

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వెళ్లాలంటే మాకు రైలే దిక్కు. అందుకే ఈ విన్నపం.

బోగీ కుళాయి నీళ్లు తాగడానికి కావు. అయినా పిల్లలు వాటితోనే నోరు పుక్కిలిస్తారు. బోగీలోకి నీళ్లు పట్టే గొట్టం కొస నేలకు తగలకుండా ఎత్తున తగిలించే ఏర్పాటు చేయించండి. బోగీ పైనున్న నీళ్ల ట్యాంకులను వేళకు కడిగించండి.

ఇక టాయిలెట్ల సంగతి. బోగీ కింద ఉన్నది రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓతో కలిసి రైల్వే రూపొందించిన బయో టాయిలెట్ ట్యాంకు. అందులోని బ్యాక్టీరియా మలాన్ని నీరుగా, వాయువులుగా మారుస్తుంది. ఘాటైన యాసిడ్ పోస్తే అది చచ్చిపోతుంది. సీసానో, డైపరో పడితే దారి మూసుకుపోతుంది. కాబట్టి ప్రతి టాయిలెట్‌లో చెత్తబుట్ట పెట్టించండి. సూచనలు బెంగాలీ, హిందీలతో పాటు తెలుగులోనూ రాయించండి.

మంచినీటి పనికీ మురుగు పనికీ గొట్టాలు, చేతితొడుగులు వేరువేరుగా ఉండాలి. ఆ పని చేసే కార్మికుల ఆరోగ్యం కూడా ప్రయాణికుల ఆరోగ్యమంత విలువైనదే. ఈ ఏర్పాట్లు వెంటనే మొదలుపెట్టించాలని మనవి.

ఇట్లు,
ఖరగ్‌పూర్ తెలుగు ప్రయాణికుడు