ప్రజల మాట, పాలకుల బదులు

అయిదేండ్ల కొకమారు ఓటు వేయుటతో పౌరుని కర్తవ్యము ముగిసినదని భావించువారు మన దేశమున పాలకవర్గములోనే గాక పండితవర్గములో కూడ ఉన్నారు. వారి వాదము మనకు క్రొత్త కాదు. ప్రజలు ప్రతినిధులను ఎన్నుకొందురు. ప్రతినిధులు చట్టములు చేయుదురు. నిపుణులు వారికి సలహా చెప్పుదురు. నచ్చనిచో మరుసటి ఎన్నికలలో వారిని దింపివేయవచ్చును. వినుటకు ఇది సక్రమముగానే ఉన్నది. కాని ఓటరు నొక్కునది ఒక్క మీట. ఆ ఒక్క మీటతో అతడు విత్తనముల విధానమును, అడవుల చట్టమును, గనుల ఒప్పందములను, పాఠశాలలలోని బోధనాభాషను, అన్నిటిని ఒకేసారి అంగీకరించినాడని లెక్క వ్రాసుకొనుట ఏమి న్యాయము? బియ్యము కొరకు అంగడికి పోయినవాని నెత్తిన పెద్ద మూట పెట్టి, ఇందులోనివన్నియు నీవు కోరినవే, డబ్బిమ్మని అడిగినట్లున్నది.

ప్రతి విషయమును దేశమంతటిచేత ఓటు వేయించి తేల్చవలెనని మేము చెప్పుట లేదు. స్విట్జర్లాండులో 18 నెలలలోపల లక్షమంది పౌరులు సంతకములు చేసినచో ఒక రాజ్యాంగ సవరణను ప్రజల ఓటునకు పెట్టవలసినదే. 50 వేల సంతకములు కూడినచో పార్లమెంటు చేసిన చట్టమునే ప్రజల ముందు నిలబెట్టవచ్చును. అది కోటికి లోపు జనాభా గల దేశము. ఆ పద్ధతిని ఎత్తి తెచ్చి 140 కోట్ల ప్రజలున్న నేలలో నాటుట తేలిక కాదు. మేము కోరునది అంతకంటె చిన్నది. ఒక విధముగా అంతకంటె కష్టమైనది కూడ. నిర్ణయము చేయుటకు ముందు ప్రజలను వారి భాషలో అడుగవలెను. వారు చెప్పినదానిని అంగీకరించినను, అంగీకరింపకున్నను, కారణములు చూపి బదులు చెప్పవలెను. మొదటి పని మన దేశమున అప్పుడప్పుడు జరుగుచున్నది. రెండవది మిక్కిలి అరుదు.

తెలుగునాట జరిగిన ఒక ఉదంతమును ఇచ్చట జ్ఞాపకము చేసుకొనవలసి యున్నది. 1999లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మెకిన్సీ అను విదేశీ సలహాసంస్థ తోడ్పాటుతో ‘విజన్ 2020’ అను ప్రణాళికను ప్రకటించినది. వ్యవసాయముపై ఆధారపడి బ్రతుకువారి సంఖ్యను నూటికి 70 నుండి 40కి తగ్గించుట అందులోని ఆశయములలో ఒకటి. అనగా రాష్ట్రజనులలో నూటికి ముప్పదిమంది నేలను విడిచి మరియొక పని చూచుకొనవలెనన్న మాట. ఆ ముప్పదిమంది ఎవరు? వారు ఎచ్చటికి పోవలెను? కాగితముమీద ఈ అంకె వేసినవారికి అది ఒక గీత క్రిందికి దిగుట మాత్రమే. ఆ గీతలో నలిగిపోవువారికి అది పొలముగట్టు, పాడిపశువు, పుట్టిన ఊరు.

2001 జూన్ చివరివారమున, మెదక్ జిల్లాలో జహీరాబాదు సమీపమున నున్న అల్గోలు గ్రామములో ఒక సభ కూడినది. ఆ గ్రామము నేడు సంగారెడ్డి జిల్లాలో చేరియున్నది. సభకు ‘ప్రజాతీర్పు’ అని పేరు. తీర్పు చెప్పుటకు కూర్చున్న జూరీ సభ్యులు 19 మంది. వారిలో అత్యధికులు చిన్నకారు, సన్నకారు రైతులు, దళితులు, ఆదివాసులు. మూడింట రెండువంతులకు పైగా స్త్రీలు. రాష్ట్ర వ్యవసాయమునకు మూడు భవిష్యత్తులను వారి ముందుంచిరి. ఒకటి ప్రభుత్వము వారి ‘విజన్’ చూపిన మార్గము; రెండవది సేంద్రియపు పంటలు పండించి విదేశములకు ఎగుమతి చేయు మార్గము; మూడవది గ్రామములు తమ తిండి తాము పండించుకొని తమ కాళ్ళమీద నిలబడు మార్గము. ఒక్కొక్కదానిని సమర్థించుటకు, విమర్శించుటకు ప్రభుత్వాధికారులు, శాస్త్రజ్ఞులు, పురుగుమందుల కంపెనీ ప్రతినిధులు, స్వచ్ఛంద సేవకులు సాక్షులుగా వచ్చిరి. జూరీవారు వారిని ప్రశ్నలడిగిరి. సభ సక్రమముగా సాగుచున్నదా లేదా అని చూచుటకు సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి శ్రీ పి. బి. సావంత్ అధ్యక్షతన ఒక పర్యవేక్షక సంఘము కూడ ఉండెను.

ఎప్పుడును అధికారి ముందు చేతులు కట్టుకొని నిలబడు రైతుకూలీ స్త్రీ, అధికారిని కూర్చుండబెట్టి ‘నీవు చెప్పిన యంత్రము వచ్చిన తరువాత నా కూలి మాట ఏమి?’ అని అడుగగల స్థానము మన ప్రజాస్వామ్యమున ఎచ్చటనైన కలదా? అల్గోలులో ఆ వారము దినములు అట్టి స్థానము ఏర్పడినది. మాకు ఆ సభ ఇచ్చిన తీర్పుకంటె ఈ ఏర్పాటే ముఖ్యముగా తోచుచున్నది.

తీర్పు ఏమి? మూడు మార్గములలో దేనిని వారు యథాతథముగా స్వీకరింపలేదు. తమకు కావలసినది తామే కూర్చుకొనిరి. వ్యవసాయదారుల సంఖ్యను నూటికి 40కి దింపుట తగదనిరి. మనుష్యుల పనిని ఊడగొట్టు యంత్రములు వద్దనిరి. కాంట్రాక్టు సేద్యము వద్దనిరి. బి.టి. ప్రత్తి మొదలు విటమిన్-ఎ వరి వరకు జన్యుమార్పిడి పంటలు వద్దనిరి. నేల సారము నిలువవలెను, పలురకముల పంటలుండవలెను, వనరులపై గ్రామమునకు అదుపు ఉండవలెను అనిరి.

ఈ తీర్పులోని ప్రతి మాటతోను ఏకీభవింపవలెనని లేదు. మరుసటి సంవత్సరము మార్చిలోనే కేంద్రము బి.టి. ప్రత్తికి అనుమతి ఇచ్చినది. కొలది ఏండ్లలో తెలుగు రైతులే ఆ విత్తనములను విరివిగా కొనిరి. కాబట్టి ఆ 19 మంది మాటయే రైతులందరి మాట అనుటకు వీలులేదు. ఏడుకోట్లకు పైబడిన జనులకు వీరు ప్రతినిధు లెట్లగుదురని, జూరీని ఎన్నుకొన్న విధమే ఒకవైపునకు మొగ్గినదని ఆ దినములలోనే కొందరు ఆక్షేపించిరి. రాష్ట్ర ప్రభుత్వమునకు ధనసహాయము చేయుచున్న బ్రిటిషు సంస్థ నుండియు ఇట్టి ఆక్షేపణ వచ్చినది. అడుగదగిన ప్రశ్నయే అది. అయితే ‘విజన్’ వ్రాసిన సలహాదారులు ఎందరికి ప్రతినిధులని అదే నోటితో ఎవరును అడుగలేదు! చర్చ యావత్తు తీర్పరుల అర్హతను గూర్చి సాగినదే గాని, వారు లేవనెత్తిన ప్రశ్నను గూర్చి సాగినది స్వల్పము. ఆ తీర్పునకు బదులు చెప్పవలసిన విధి ప్రభుత్వమునకు ఏ చట్టమువలనను లేదు. చెవిటివాని ముందు శంఖమూదిన సామెత ఇచ్చట సరిగా పొసగదు. వినగలవాడే, వినవలసిన అవసరము లేనివాడు.

బదులు చెప్పినచో ఎట్లుండునో 2010లో చూచితిమి. బి.టి. వంకాయకు సాంకేతిక సంఘము 2009 అక్టోబరులోనే ఆమోదముద్ర వేసినది. అప్పటి పర్యావరణమంత్రి శ్రీ జైరాం రమేశ్ వెంటనే సంతకము చేయక ఏడు నగరములలో బహిరంగసభలు జరిపిరి. వానిలో మన హైదరాబాదు ఒకటి. సుమారు 8,000 మంది ఆ సభలకు హాజరైరి. కేకలు, వాగ్వాదములు లేకపోలేదు. కాని 2010 ఫిబ్రవరి 9న మంత్రి తన నిర్ణయమును ప్రకటించునపుడు ఎవరు ఏమి చెప్పిరో, దానిలో తనకు ఏది సబబుగా తోచెనో, ఏల తోచెనో వివరముగా వ్రాసి లోకమునకు ఇచ్చినారు. బి.టి. వంకాయను నిలిపివేయుట మంచిదా చెడ్డదా అనునది వేరు చర్చ. ఆ నిర్ణయమును కోపించుకొన్న శాస్త్రజ్ఞులకు సైతము ఖండించుటకు కారణములు చేతికి దొరకినవి. అయినను అది ఒక మంత్రి ఇష్టముపై ఆధారపడిన మర్యాద. ఆ కుర్చీలోనికి మరియొకరు వచ్చినపుడు దానిని పాటించి తీరవలెనను నిర్బంధము లేదు.

మర్యాద చట్టమైనచో దాని బలము వేరు. ఒడిశాలోని నియమగిరి కొండలలో బాక్సైటు త్రవ్వుటకు పూనుకొన్నపుడు, 2006 నాటి అటవీహక్కుల చట్టమును ఆధారము చేసుకొని, గ్రామసభలే తేల్చవలెనని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రాయగడ, కలహండి జిల్లాలలోని 12 పల్లెలలో సభలు జరిగినవి. డోంగ్రియా కోందులు తమ కొండను గూర్చి, తమ దైవమును గూర్చి తమ మాటలలో చెప్పుకొనిరి. 12 సభలును ఒక్క గొంతుతో వద్దన్నవి. 2014 జనవరిలో కేంద్రము అనుమతిని నిరాకరించినది. ఇచ్చట కొండవాసుల మాటను ఆలకించుట ఏలినవారి దయ కాదు, విధి.

ఇక దేశమంతటికి వర్తించు చట్టముల మాట చూతము. 2014 ఆరంభమున కేంద్ర కార్యదర్శుల సంఘము ఒక మంచి నిర్ణయము చేసినది. ఏ శాఖ చట్టము తేదలచినను ముసాయిదాను కనీసము 30 దినములు ప్రజల ముందుంచవలెను. అది ఏల అవసరమో, జనుల జీవనోపాధిపై దాని ప్రభావ మేమో వివరింపవలెను. వచ్చిన అభిప్రాయముల సారమును ప్రకటింపవలెను. వ్రాత చక్కగా ఉన్నది. కాని ఇది శాసనము కాదు, కార్యాలయముల నడుమ తిరుగు ఉత్తర్వు. ఉల్లంఘించినవారికి ఏ చిక్కును లేదు. 2020 జూన్ 5న మూడు వ్యవసాయ చట్టములు ఆర్డినెన్సులుగా దిగినపుడు ఈ 30 దినముల మాట ఎవరికిని జ్ఞప్తికి రాలేదు. ఆ నవంబరు మొదలుకొని ఢిల్లీ పొలిమేరలలో రైతులు ఒక సంవత్సరము పైగా చలికి, ఎండకు ఓర్చి కూర్చుండిరి. 2021 నవంబరు 29న పార్లమెంటు ఆ చట్టములను రద్దుచేసినది. ముందు అడుగవలసిన దానిని తరువాత అడుగుటకు ఎంత మూల్యము చెల్లించితిమి! 2022 నవంబరులో వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు ముసాయిదాపై అభిప్రాయములు కోరినపుడు మరియొక వింత జరిగినది. వచ్చిన అభిప్రాయములను బహిరంగపరచబోమని ఆ ప్రకటనలోనే చెప్పివేసిరి. అడిగినది ప్రజలను, విన్నది ఏమో ప్రజలకే తెలియరాదు!

సాహిత్యానుబంధములో ఈ శాసనముల గొడవ ఏల అని పాఠకులలో కొందరు విసుగుకొనవచ్చును. మాకు అసలు సంగతి ఇచ్చటనే ఉన్నట్లు తోచుచున్నది. 2020లో పర్యావరణ ప్రభావ అంచనాను గూర్చిన ముసాయిదాపై అభిప్రాయములు చెప్పుడని కేంద్రము కోరినది. ఆ సమయమున మహమ్మారి మూలమున దేశమంతయు తలుపులు మూసుకొని యుండెను. ముసాయిదా ఏ భాషలో ఉన్నది? ఇంగ్లీషున, హిందీలో. శ్రీకాకుళము మత్స్యకారుని సముద్రతీరమును, ఆదిలాబాదు గోండు రైతు అడవిని తాకగల నిబంధన అది. వారిరువురికి ఆ రెండు భాషలవలన కలుగు ప్రయోజన మెంత? ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలోనికి దానిని అనువదింపుడని ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న ఆజ్ఞాపించి, గడువును ఆగస్టు 11 వరకు పెంచినది. సర్కారువారు అనువదించుటకు పూనుకొనుటకు బదులు, రాజభాషా చట్టము ప్రకారము హిందీ, ఇంగ్లీషు చాలునని వాదించుచు సుప్రీంకోర్టుకు పోయిరి. 2011 జనగణన ప్రకారము తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైబడినవారు. ఇన్ని కోట్లమందికి చట్టము తెలిపి అడుగుటకంటె, తెలుపనక్కరలేదని రుజువు చేయుటయే సులభమని తోచినది కాబోలు.

అనువాదము చేసినను చాలదు. ప్రభుత్వపు తెలుగు ఎట్టిదో కార్యాలయములకు తిరిగినవారికి తెలియును. ఆంగ్ల వాక్యమును తలక్రిందులుగా నిలబెట్టి, క్రియను వెదకుటకు చదువరిని నాలుగు పంక్తుల దూరము నడిపించు ఆ భాషను మా వంటివారే రెండుసార్లు చదివి, మూడవసారి మూల ఆంగ్లమును తెరచి చూచుకొందురు. పత్తిరైతుకు ఇంగ్లీషు ఎంత పరాయిదో ఈ తెలుగు అంత పరాయిది. వాడుకమాటలో సూటిగా విషయము చెప్పగల రచయితలు, అనువాదకులు తెలుగునాట కొరత లేదు. రష్యను నవలలను, వంగ కథలను మన ఇంటి కథలవలె చదివించిన అనువాదకుల సంప్రదాయము మనది. చట్టపు ముసాయిదాను అంత చక్కగా చెప్పుట వారికి అసాధ్యము కాదు. వారిని పిలుచువారే లేరు.

ఢిల్లీ మారువరకు మనము చేయదగినది ఏదియు లేదని చేతులు ముడుచుకొననవసరము లేదు. తెలుగును అధికారభాషగా ప్రకటించిన చట్టము 1966లోనే వచ్చినది. హైదరాబాదునను, అమరావతిని శాసనసభలు మనవి. ప్రతి బిల్లు ముసాయిదాను నెలదినముల ముందు, చదువదగిన తెలుగులో ప్రతి గ్రామ సచివాలయమునను, పంచాయతీ కార్యాలయమునను అంటింపవచ్చును. గ్రామసభలో చదివి వినిపింపవచ్చును. వచ్చిన ఆక్షేపణలను, ఒక్కొక్కదానికి మంత్రి చెప్పిన బదులును బిల్లుతోపాటు సభ్యుల ముందు పెట్టవచ్చును. ఇది చేయుటకు రాజ్యాంగ సవరణ అక్కరలేదు, కేంద్రము అనుమతియు అక్కరలేదు. రెండు సభల నియమావళులలో చెరియొక నిబంధన చేర్చిన చాలును. రాబోవు సమావేశములలో ఏ సభ్యుడైనను, ఏ పక్షమువాడైనను, ఆ నిబంధనను ప్రతిపాదించునేమో చూతము.