చూచివ్రాత ఎక్కడ మొదలవుతుంది?



మన భాషలో ‘చూచివ్రాత’ అనే మాట చాలా మంచి మాట. ఒకటి, రెండు తరగతుల పిల్లలు పై వరుసలోని అక్షరాన్ని చూచి, దాని వలెనే క్రింది వరుసలలో వ్రాసుకొనే అభ్యాసానికి ఆ పేరు. చేతివ్రాత కుదురుగా రావడానికి, గుణింతాలు, ఒత్తులు తప్పకుండా ఉండడానికి పెద్దలు ఏర్పరచిన పద్ధతి అది. నేడు పరీక్షల రోజులలో వార్తాపత్రిక తెరిస్తే అదే మాట వేరొక అర్థంలో కనిపిస్తుంది. చిట్టీ చూచి వ్రాయడం, ప్రక్కవాని కాగితం చూచి వ్రాయడం, కొన్నిచోట్ల ఉపాధ్యాయుడే చెప్పగా వ్రాయడం, అన్నిటికీ చూచివ్రాత అనే పేరే స్థిరపడింది. ఈ రెండు అర్థాల మధ్య ఉన్న దారిని మన పిల్లలు ఒక్కరోజులో నడవలేదు. ఆ దారిలో మనం కూడా వారి చేయి పట్టుకొని నడిపించామని నా అభిప్రాయం. అది ఎట్లాగో మీ ముందుంచుతున్నాను.

ముందుగా మన కర్ణాటక రాష్ట్రపు లెక్కలు చూడండి. 2023లో ఎస్సెస్సెల్సీ ఉత్తీర్ణత 83.89 శాతం. 2024లో పరీక్షా మండలి ప్రతి పరీక్ష గదిలోను కెమెరాలు పెట్టి, వెబ్‌కాస్టింగ్ ద్వారా కార్యాలయాల నుండి పర్యవేక్షించింది. ఆ సంవత్సరం ఉత్తీర్ణత 73.40 శాతానికి దిగింది. అది కూడా గ్రేసు మార్కులను 10 శాతం నుండి 20 శాతానికి పెంచి, వాటిని పొందడానికి కావలసిన కనీస అర్హతను 35 శాతం నుండి 25 శాతానికి తగ్గించిన తర్వాత వచ్చిన అంకె. ఆ అదనపు గ్రేసు మార్కులు తీసివేసిన 2025లో మొదటి పరీక్ష ఉత్తీర్ణత 66.14 శాతం. పడిపోయినదంతా చూచివ్రాత పుణ్యమే అనడం న్యాయం కాదు. ఉపాధ్యాయుల కొరత, కరోనా కాలంలో పోయిన చదువు, కెమెరా ముందు పిల్లలకు కలిగే బెదురు, ఇవన్నీ ఉన్నాయి. అయినా ఒక్క ప్రశ్న మిగులుతుంది. కెమెరా పిల్లవానికి వచ్చిన పాఠాన్ని తీసివేయలేదు కదా! మరి ఇంత తేడా ఎక్కడ నుండి వచ్చింది?

ఇది కన్నడ నాటికే పరిమితమైన జబ్బు కాదు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ పదవ తరగతి పరీక్షల మొదటి రోజుననే నంద్యాల జిల్లాలో ప్రశ్నపత్రం ఫోటో బయటికి వచ్చింది. ఆ కేసులో ఉపాధ్యాయులు కూడా అరెస్టు అయ్యారు. 2023 ఏప్రిల్ 3న తెలంగాణలోని తాండూరులో పరీక్ష మొదలైన కొద్ది నిమిషాలకే ప్రశ్నపత్రం వాట్సాప్‌లో ప్రత్యక్షమైంది. ఈ రెండు చోట్లా బయటపడినది గణితమో, ఆంగ్లమో కాదు, తెలుగు ప్రశ్నపత్రం! ఇంట్లో, వీధిలో, బడిలో తెలుగే మాట్లాడే పిల్లలకు కూడా తెలుగు పరీక్ష గట్టెక్కడానికి ఫోటో కావలసి వచ్చిందంటే తెలుగు ఉపాధ్యాయులమైన మనం తలదించుకొని ఆలోచించవలసిన విషయమే. ఆంధ్రప్రదేశ్‌లో పరీక్షల అక్రమాలను నిరోధించే చట్టం 1997 నుండీ ఉంది. ఉన్నా ఇవి జరిగాయి. చట్టం చేయగలిగిన పని కొంతే.

ఇక మన సంగతికి వద్దాం. తుంగభద్ర ఎడమ కాలువ క్రింద బాళగనూరు, సింధనూరు ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు తెలుగు చదువు అందడం ఎంత కష్టమో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఎస్సెస్సెల్సీలో తెలుగును ప్రథమ భాషగా తీసుకొనే వీలున్నా, తీసుకొనేవారు కొద్దిమంది. పిల్లల సంఖ్య తగ్గినా, ఫలితం తగ్గినా, ‘ఈ తెలుగు విభాగం ఎందుకు?’ అనే ప్రశ్న పైనుండి వస్తుందేమోనని అల్పసంఖ్యాక భాషోపాధ్యాయుని గుండెలో ఎప్పుడూ ఒక దిగులు. ఆ దిగులు నుండే ఒక ప్రమాదకరమైన ఆలోచన పుడుతుంది. ‘తెలుగు తీసుకుంటే మార్కులు బాగా వస్తాయి’ అని పేరు వస్తే పిల్లలు చేరుతారు. కనుక దిద్దేటప్పుడు కొంచెం చూచీచూడనట్లు పోదాం. పరీక్షలో ప్రక్కకు చూస్తే మనం కిటికీ వైపు చూద్దాం. భాష బ్రతకాలి కదా, అని.

ఈ ఆలోచనలో చెడ్డ ఉద్దేశం లేదని నేనూ ఒప్పుకుంటాను. కాని దాని ఫలమేమిటో చూడండి. తెలుగులో 125కు 110 మార్కులు తెచ్చుకొన్న పిల్ల ఊరినుండి వచ్చిన అమ్మమ్మ ఉత్తరాన్ని చదవలేకపోతే, పెండ్లి శుభలేఖలో తన ఇంటిపేరు ఏ ఒత్తుతో వ్రాయాలో తెలియక నిలబడిపోతే, ఆ 110 మార్కులు ఎవరిని కాపాడినట్లు? విభాగం హాజరు పట్టీలో మిగిలింది, భాష మిగలలేదు. పైగా, తెలుగు అంటే చదవకపోయినా మార్కులు వచ్చే సబ్జెక్టు అనే అభిప్రాయం ఆ పిల్లల మనసులలో నాటుకుంటుంది. రేపు వారు తల్లిదండ్రులైనప్పుడు తమ బిడ్డలకు తెలుగు నేర్పించాలని ఎందుకు పట్టుబడతారు? మన భాషను కాపాడుకోవడానికని మనం చేసిన పనే మన భాషకు విలువ లేకుండా చేస్తుంది. కంచే చేను మేయడమంటే ఇదే.

‘పేదవాని బిడ్డ. ఒక్క పరీక్ష తప్పితే చదువు ఆగిపోతుంది. ఆడపిల్లైతే పెండ్లి చేసేస్తారు. నాలుగు మాటలు చెప్పి గట్టెక్కిస్తే తప్పేమిటి?’ అని అడిగే మిత్రులున్నారు. ఇది తీసిపారేయదగిన మాట కాదు. తప్పిన పిల్లలలో ఎంతమంది మళ్ళీ బడి గడప త్రొక్కకుండా పొలానికో, పత్తి తీతకో పోయారో మనకు తెలుసు. కాని దయ చూపించవలసిన కాలం మార్చి నెలాఖరు కాదు, జూన్ నెల. జూన్‌లో వెనుకబడిన పిల్లవానిని ప్రక్కన కూర్చోబెట్టుకొని రోజూ అరగంట చదివించడం దయ. మార్చిలో జవాబు చెప్పడం మన బాకీని వాని నెత్తిన వేయడం. ఆ పిల్లవాడు రేపు పీయూసీలో చేరి, మొదటి నెలలోనే ఏమీ అర్థంకాక మానివేస్తే ఆ లెక్క ఎవరి ఖాతాలోనూ పడదు. ఇంకొక మాట. 2024లో ఒకే విద్యా సంవత్సరానికి మూడు పరీక్షలు వ్రాసుకొనే అవకాశం కర్ణాటకలో వచ్చింది. మొదటిది తప్పితే రెండవది వ్రాయవచ్చు. తప్పిన బిడ్డను రెండవ పరీక్షకు సిద్ధం చేయడం ఎవరి దృష్టిలోనూ నేరం కాదు.

రాత్రి పన్నెండు గంటల వరకూ చదివి నిజాయితీగా 60 తెచ్చుకొన్న పిల్లను కూడా ఒకసారి తలచుకోండి. ప్రక్క బెంచీవాడు చిట్టీతో 85 తెచ్చుకొన్నాడు. ‘చదివి నేనేమి బాగుపడ్డాను?’ అని ఆ పిల్ల అడిగితే మన దగ్గర జవాబు ఉన్నదా?

అసలు చూచివ్రాత పరీక్ష గదిలో మొదలు కాదు. అది జూన్ నెలలోనే మన తరగతి గదిలో మొదలవుతుంది. మనం పాఠం చదివి, ప్రశ్నలకు జవాబులు బల్లమీద వ్రాస్తాం, పిల్లలు చూచి నోట్సులోకి ఎక్కిస్తారు. లేదా గైడు చూచి వ్రాసుకు రమ్మంటాం. ఎర్ర సిరాతో టిక్కు పెట్టి సంతకం చేస్తాం. నోట్సు పూర్తి, అధికారి వస్తే చూపించవచ్చు. ఈ పది నెలల్లో పిల్లవాడు తన సొంత వాక్యం ఒక్కటైనా వ్రాశాడా? ‘ఈ పాఠం నీకెట్లా అనిపించింది?’ అని ఎవరైనా అడిగారా? పది నెలలు చూచి వ్రాయడమే చదువు అని నేర్పి, పదకొండవ నెలలో చూచి వ్రాస్తే నేరమంటే, వానికి తేడా ఏమి తెలుస్తుంది?

అంతర్గత మార్కుల సంగతీ అంతే. ప్రథమ భాషలో 125కు 25, తక్కిన వాటిలో 100కు 20 మార్కులు మన చేతిలో ఉన్నాయి. వాటిని పిల్లవాని పని చూచి వేస్తున్నామా, లేక అందరికీ ఒకే వరసన నింపివేస్తున్నామా? ప్రాజెక్టు పేరుతో పటాలు అంగడిలో కొని అతికిస్తే, అక్కయ్యో అన్నయ్యో వ్రాసిపెడితే, ‘బాగుంది’ అని పెడుతున్నామా? తల్లిదండ్రులు కూడా ఇక్కడ ఆలోచించాలి. తోటకూర దొంగిలించి తెచ్చిన నాడు మెచ్చుకొన్న తల్లి కథ మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. కొడుకు పెద్ద దొంగై శిక్ష పడిన నాడు, ‘తోటకూర నాడే చెప్పకపోతివి గదమ్మా’ అన్నాడట. అతికించిన ప్రాజెక్టే మన తోటకూర కట్ట.

గాంధీజీ ఆత్మకథలోని ఒక సంఘటన మనం ఏటా అక్టోబరు 2న పిల్లలకు చెబుతూ ఉంటాము. రాజకోటలోని ఆల్ఫ్రెడ్ హైస్కూలులో ఆయన మొదటి సంవత్సరం చదివేటప్పుడు గైల్స్ అనే అధికారి తనిఖీకి వచ్చి ఐదు ఆంగ్ల పదాలు వ్రాయమన్నాడు. ‘కెటిల్’ అనే మాట గాంధీ తప్పు వ్రాశాడు. ఉపాధ్యాయుడు బూటు కొనతో తాకి, ప్రక్కవాని పలక చూడమని సైగ చేశాడు. కాపీ కొట్టకుండా చూడడానికి నిలబడిన ఉపాధ్యాయుడే కొట్టమంటున్నాడని ఆ బాలునికి తోచనే లేదు. అతడు తప్ప అందరూ సరిగా వ్రాశారు. ఈ కథను మనం బాలుని నిజాయితీ కోసం చెబుతాము. నాకైతే ఇది ఉపాధ్యాయులకు చెప్పవలసిన కథ అనిపిస్తుంది. అధికారి ముందు తరగతి మంచిగా కనబడాలన్న ఆరాటం తప్ప ఆ ఉపాధ్యాయునికి వేరే దురాశ లేదు. ఆ ఆరాటమే నేడు మన చేత కిటికీ వైపు చూపిస్తున్నది.

మరి ఏమి చేయాలి? పెద్ద పథకాలు అక్కరలేదు. చదివే అలవాటు మారితే చిట్టీ అవసరమే తగ్గుతుంది. మన ప్రాంతంలో అందరికీ తెలిసిన వ్యవసాయంతోనే చెబుతాను. నారు పోసే నాడు నారు పోయాలి, నాటు నాడు నాటాలి. కోతల నాడు నారు పోస్తానంటే ఏ నేలా పండదు. పరీక్షకు పది రోజుల ముందు ‘ఇంపార్టెంటు’ ప్రశ్నలు బట్టీ పట్టడం అటువంటిదే. నేర్చినది ఎంత త్వరగా మరచిపోతామో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎబింగ్‌హాస్ తన మీదనే ప్రయోగాలు చేసుకొని 1885లోనే ప్రకటించాడు. విరామాలిచ్చి మళ్ళీ మళ్ళీ చదివినది నిలుస్తుందని కూడా ఆయన చూపించాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు మరొక విషయం తేల్చారు. ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివిన వారికంటే, చదివిన తర్వాత పుస్తకం మూసి గుర్తున్నది వ్రాసుకొన్నవారు వారం తర్వాత ఎక్కువ గుర్తుంచుకొన్నారు. మన పెద్దలు పద్యం ‘అప్పజెప్పు’ అనేవారు. అది కూడా పుస్తకం మూసి చేసే పనే.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. వారానికొకసారి పుస్తకాలు మూయించి, ఆ వారం పాఠం గురించి ఐదు వాక్యాలు సొంత మాటలలో వ్రాయించండి. దానికి మార్కులు వేయకండి, తప్పులు దిద్ది ఇవ్వండి. మార్కు లేని చోట కాపీ కొట్టే అవసరం ఉండదు. పరీక్షలో రెండు ప్రశ్నలైనా ఏ గైడులోనూ లేనివి ఇవ్వండి. మన ఊరి జాతర గురించి, కాలువకు నీరు వదిలిన రోజు గురించి అడగండి. ఎవరి జవాబు వారే వ్రాయాలి. నాట్ల రోజులలో, కోతల రోజులలో బడికి రాని పిల్లల పేర్లు వ్రాసి పెట్టుకొని, వచ్చిన తర్వాత తప్పిన పాఠం చెప్పండి. చిట్టీ దొరికితే కొట్టకండి, తరగతి ముందు అవమానించకండి. ఆ ప్రశ్ననే మరునాడు మళ్ళీ అడగండి. చిట్టీ ఎంత చిన్న అక్షరాలతో వ్రాశాడో ఆ శ్రమలో సగం చదువు మీద పెడితే చాలునని వానికే తెలిసివస్తుంది.

తల్లిదండ్రులకు మరొక మనవి. మీకు తెలుగు చదవడం రాకపోయినా ఫరవాలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు ‘ఈ రోజు ఏ పాఠం చెప్పారు? కథ చెప్పు’ అని అడగండి. చెప్పలేకపోతే తిట్టకండి, రేపు చదివి చెప్పమనండి. ‘ఎన్ని మార్కులు?’ అని అడిగే ముందు ‘నీకు ఎంత వచ్చింది?’ అని అడగండి. పరీక్ష కేంద్రం గోడ ప్రక్కన నిలబడి చిట్టీలు అందించే బంధువులలో మీరు ఒకరు కాకండి. మీ బిడ్డ తెలివి మీద మీకు నమ్మకం లేదని ఆ చిట్టీ వానికి చెబుతుంది.

మనకు దగ్గరలోనే మస్కిలో అశోకుని శాసనమున్నది. 1915లో బయటపడిన ఆ శాసనంలో అశోకుని పేరు స్పష్టంగా ఉండడం వలన అది చరిత్రలో ప్రసిద్ధి పొందింది. అందులోని విషయం కూడా మన పిల్లలకు చెప్పదగినది. ఉన్నతులు మాత్రమే గొప్ప ఫలితాన్ని పొందగలరని అనుకోరాదని, ధర్మాన్ని ఆశ్రయించితే చిన్నవాడు కూడా పొందగలడని దాని సారాంశం. రాయచూరు పిల్లలు వెనుకబడినవారని, క్యాంపుల పిల్లలకు చదువు రాదని ప్రతి ఏటా ఫలితాల నాడు మాటలు పడుతున్నాం. ఆ మాటను పోగొట్టడానికి దొంగమార్కులు పనికిరావు. తక్కువైనా నిజమైన అంకెతో మొదలుపెడదాం. ఆ అంకె చూస్తేనే ఎవరికి ఏమి నేర్పాలో మనకు తెలుస్తుంది.

ఈ జూన్ నుండి మన బడులలో చూచివ్రాత ఒకటి, రెండు తరగతులలోనే ఉండాలని, పైతరగతుల పిల్లలు చూడక వ్రాయగలగాలని నా కోరిక. మీరేమంటారు?