చుట్టూ తిరిగి పొమ్మన్న బాట

2019 ఆగస్టులో వాణియంబాడి దగ్గరి నారాయణపురంలో ఒక దళిత సహోదరుని మృతదేహాన్ని పాలారు మీది వంతెన పైనుంచి తాళ్ళు కట్టి కిందికి దించారు. దాదాపు ఇరవై అడుగుల ఎత్తు. పైవాళ్ళు తాడు వదులుతూ ఉంటే కిందవాళ్ళు చేతులు చాపి అందుకున్నారు. శ్మశానానికి పోయే బాట పై కులాలవారి పొలాల గుండా ఉంది. ఆ పొలాలకు కంచె పడింది, పాడెకు దారి లేకపోయింది. ఇలా దించడం ఇదే మొదటిసారి కాదని కాలనీవాళ్ళు చెప్పారు. వాణియంబాడి అప్పటికి వేలూరు జిల్లాలోనిదే. ఆ వీడియో దేశమంతా చూసింది.

ఆ రోజుల్లో మేము చాలామంది నోట ఒకే మాట విన్నాం. విశ్వాసుల నోట కూడా విన్నాం. "పూడ్చుకోవద్దని ఎవరూ అనలేదు కదండీ, వేరే దారి చూసుకోమన్నారు, అంతే కదా." మా తగవంతా ఆ "అంతే కదా"తోనే.

వేలూరు, గుడియాత్తం చుట్టుపక్కల పల్లెల్లో భూస్థాపన ఆరాధనలు జరిపించే మాకు ఆ వేరే దారి ఎలా ఉంటుందో తెలుసు. బండి బాట దున్నేసి ఉంటుంది. పాడె గట్టు మీదికి ఎక్కుతుంది. గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడవలేరు కాబట్టి మోసేవాళ్ళలో సగంమంది మడిలో దిగి బురదలో నడుస్తారు. కాలు జారితే పాడె ఒరుగుతుంది. వెనక వచ్చే ముసలితల్లి సగం దూరంలో ఆగిపోతుంది. కన్నకొడుకు మీద మన్ను వేసే భాగ్యం కూడా ఆమెకు దక్కదు. దారి మళ్ళించినవాడు దీన్ని చూడడు. చూసినవాళ్ళు మాత్రం "అంతే కదా" అనలేరు.

నారాయణపురం విషయంలో మద్రాసు హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. దళితులకు వేరే శ్మశానం కోసం అర ఎకరం కేటాయించామని అధికారులు చెప్పారు. అలా వేరుగా స్థలం ఇవ్వడమంటే ప్రభుత్వమే కుల విభజనను ప్రోత్సహించినట్టు కాదా అని న్యాయమూర్తులు అడిగారు. మేమూ అదే అడుగుతున్నాం. జనం అడిగింది దారి, ఇచ్చింది స్థలం. దాంతో కంచె వేసినవాడికి ఏ కష్టమూ రాలేదు. శవానికే చిరునామా మారింది. దీన్ని సర్దుబాటు అంటారు. మేము దీన్ని పటం గీసి ఆమోదించిన అంటరానితనం అంటాం.

ఈ సర్దుబాటు కొత్తది కాదు. 1924లో వైకోంలో గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడిచే హక్కు కోసం సత్యాగ్రహం మొదలైంది. మన పెరియార్ అక్కడికి వెళ్ళి జైలుపాలయ్యాడు. 1925లో రాజీ కుదిరింది. మూడు వైపుల వీధులు తెరిచారు, తూర్పు వీధి మాత్రం సవర్ణులకే ఉంచి, మిగతావాళ్ళు తిరిగిపోవడానికి వేరే బాటలు వేశారు. అంటే దారి మళ్ళింపే అక్కడా పరిష్కారం అయింది. తూర్పు వైపు తెరుచుకోవడానికి 1936 ఆలయ ప్రవేశ ప్రకటన దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంగ్లండులో శవాల బాటలు అనే పాత బాటలున్నాయి. సమాధుల తోట లేని పల్లెలవాళ్ళు శవాన్ని మైళ్ళ దూరం మోసుకుని సంఘ దేవాలయానికి పోయిన దారులవి. రైడల్ నుంచి గ్రాస్‌మియర్‌కు పోయే అలాంటి బాట మీద ఈనాడు సెలవులకు వచ్చినవాళ్ళు సరదాగా నడుస్తారు. అక్కడా భూస్వాములు దయతో దారులు వదల్లేదు. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ కొండ మీదికి వందలమంది నడిచివెళ్తే ఐదుగురిని జైల్లో పెట్టారు. 1949లో నడక బాటలను పటాల్లో నమోదు చేయాలనే చట్టం వచ్చింది. 1980 చట్టం ప్రకారం ఒక కాలిబాటను మళ్ళించాలంటే బాట రెండు చివర్లా నోటీసు పెట్టాలి, అభ్యంతరాలకు 28 రోజులు గడువివ్వాలి, కొత్త దారి జనానికి పాతదానికంటే మరీ అసౌకర్యం కాకూడదు. అక్కడ సరదా నడకకు ఇంత రక్షణ ఉంది. ఇక్కడ ఆఖరి ప్రయాణానికి ఒక రాత్రి ట్రాక్టరు దున్నితే చాలు, దారి పోతుంది.

మనకు చట్టం లేక కాదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, శ్మశానాన్నీ దారినీ ఇతరులతో సమానంగా వాడుకోకుండా దళితులను అడ్డుకోవడం నేరమని విడమరిచి చెప్పింది. అయితే ఇక్కడే మన సంఘాలకు ఒక ముల్లుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుణ్ణి షెడ్యూల్డు కులాల జాబితా బయట ఉంచింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. కాబట్టి ఒకే కాలనీ నుంచి ఒకే బాట మీద రెండు పాడెలు బయలుదేరి ఒకే కంచె దగ్గర ఆగితే, 1989 చట్టం ఒకదాని పక్షాన నిలబడుతుంది, శిలువ ఉన్నదాన్ని వదిలేస్తుంది. కంచె మాత్రం మతం అడగదు. అయినా 1955 పౌరహక్కుల రక్షణ చట్టం ఉంది. అంటరానితనం కారణంగా ఏ వ్యక్తినైనా దారి నుంచి, శ్మశానం నుంచి అడ్డుకోవడం నేరమని దాని 4వ సెక్షన్ అంటుంది. ఏ వ్యక్తినైనా అన్నది గమనించండి. మన పాస్టర్లలో ఎంతమంది ఆ సెక్షన్ పేరు చెప్పి ఫిర్యాదు రాశారు?

గుడియాత్తం, దాని పక్క కె.వి. కుప్పం, రెండూ షెడ్యూల్డు కులాలకు కేటాయించిన శాసనసభ స్థానాలు. అయినా ఓటు పెట్టె దాకా ఉన్న దారి కాటి దాకా ఉందని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

సంఖ్యాకాండము 20వ అధ్యాయం తెరవండి. ఇశ్రాయేలు ఎదోము రాజును దారి అడిగింది. సహోదరుడిగా అడిగింది. పొలాల్లో, ద్రాక్షతోటల్లో అడుగు పెట్టమని, రాజమార్గం తప్పి కుడికీ ఎడమకూ తిరగమని, నీళ్ళు తాగితే వెల ఇస్తామని బతిమాలింది. ఎదోము కత్తి పట్టుకుని ఎదురొచ్చింది. తర్వాతి అధ్యాయంలో జనం ఎదోము దేశం చుట్టూ తిరిగి పోవలసి వచ్చి, ఆ దారి వల్లనే ప్రాణం సొమ్మసిల్లారని ఉంది. చుట్టుదారి మనిషి మనసును ఏం చేస్తుందో లేఖనానికి తెలుసు. నాయీను ఊరి గవిని దగ్గర పాడె ఎదురైనప్పుడు మన ప్రభువు పక్కకు తప్పుకోలేదు, దగ్గరికి వచ్చి దాన్ని ముట్టాడు.

ఎదోము ఊరి పెద్దల పొలాల్లోనే ఉందని అనుకోవద్దు. తిరుచ్చి మేలపుదూరు క్రైస్తవ సమాధుల తోటలో దళితుల సమాధులను వేరుచేస్తూ కట్టిన గోడ గురించి మనందరికీ తెలుసు. అది కట్టింది హిందూ భూస్వాములు కాదు. మన తోటల్లో కూడా ఏ కుటుంబాలకు దేవాలయం పక్కన చోటు, ఎవరికి నీళ్ళు నిలిచే మూల అన్నది పాస్టరుకు తెలియని సంగతి కాదు. మేమూ ఆ మూలలో ప్రార్థన చేసి, మాట్లాడకుండా ఇంటికి వచ్చినవాళ్ళమే. దీన్ని ఒప్పుకోకుండా కలెక్టరు ముందు నిలబడే ముఖం మాకు లేదు.

అందుకే ముందుగా మన సంఘాలను అడుగుతున్నాం. సమాధుల తోటలో కులం వరసలు ఈ ఏడే ఆపండి. తోట ఉన్న సంఘాలు లేని కాలనీవాళ్ళకు మతం అడగకుండా గేటు తెరవండి. తర్వాత ప్రతి పల్లెలో శ్మశానం బాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, వెడల్పెంతో పెద్దవాళ్ళతో కలిసి నడిచి రాయండి. ఆ కాగితంతో వీఏఓ దగ్గరికి, తహశీల్దారు దగ్గరికి, సోమవారం కలెక్టరాఫీసు విన్నపాలకు వెళ్ళండి. బాటను రెవెన్యూ రికార్డుల్లోకి ఎక్కించమనండి. కంచె ఉంటే తీయించమనండి. "వేరే స్థలం ఇస్తాం" అంటే వద్దనండి.

ఈ పని చావు వచ్చిన రోజు జరిగేది కాదు. ఆ రోజు ఏడుపే సరిపోతుంది. ఎవరూ చనిపోని వారమే బాట కొలవడానికి సరైన వారం.