స్పిరులినా: ఆహారమా, ఔషధమా?

మన సంఘ సభ్యులు కొందరు కొంతకాలముగా మమ్ము రెండు ప్రశ్నలు అడుగుచున్నారు. పెరటిలో తొట్టి కట్టి స్పిరులినా యను నాచును పెంచినచో లాభము కలదా? దానిని తినినచో రక్తములోని కొలెస్టరాలు తగ్గునను మాట నిజమేనా? ఒక వృద్ధ సభ్యుడు మరియొక యడుగు ముందునకు వేసి, వైద్యుడిచ్చిన మాత్రలు మాని యీ పొడినే వాడదలచితినని చెప్పెను. ఆ మాట విన్నపిమ్మట మేము ఊరకుండజాలక యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ యాహారము క్రొత్తది కాదు. ఆఫ్రికా ఖండమున చాద్ సరస్సు ప్రాంతమందలి కానెంబు స్త్రీలు తరతరములుగా దీనిని నీటినుండి వడగట్టి, ఎండబెట్టి, బిళ్లలుగా చేసి, ‘దిహే’ యను పేర సంతలలో అమ్ముచున్నారు. నాచు అని మనము పిలిచినను, శాస్త్రజ్ఞులు దీనిని బాక్టీరియాల కోవలో చేర్చుదురు. ఎండిన పొడిలో నూటికి 55 మొదలు 70 పాళ్ల వరకు మాంసకృత్తులుండును. ఐనను లెక్క చూచుకొనవలయును. దినమునకు 5 గ్రాముల పొడి తినినచో లభించు మాంసకృత్తులు సుమారు 3 గ్రాములు. 30 గ్రాముల కందిపప్పులో అంతకు రెట్టింపు కలవు.

ఇక కొలెస్టరాలు మాట. గ్రీసు దేశపు క్రీటు ద్వీపమున 52 మందికి దినమునకు 1 గ్రాము చొప్పున 12 వారములు ఇచ్చి చూడగా, చెడు కొలెస్టరాలు నూటికి సుమారు 10 పాళ్లును, ట్రైగ్లిసరైడులు సుమారు 16 పాళ్లును తగ్గెనని 2014లో ప్రకటించిరి. కాని పొడి తినని వారిని పోల్చి చూచుటకు అందు వేరొక జట్టు లేదు. ఎరువు వేయని మడి యొకటి విడువక పొలమంతట ఎరువు చల్లినవాడు, దిగుబడి ఎరువువలన పెరిగెనో వానవలన పెరిగెనో ఎట్లు చెప్పగలడు? పోలిక జట్టులు గల 7 పరీక్షలను కలిపి 2016లో లెక్కించినప్పుడును కొలెస్టరాలు తగ్గినట్లే తేలినది. అవి చిన్న పరీక్షలు. గుణమున్నదనుటకు ఆధారము కలదు. ఎంత యున్నదో నిశ్చయముగా చెప్పుటకు అది చాలదు.

ఇనుపకఱ్ఱు గాలికి త్రుప్పు పట్టినట్లు, ఆమ్లజనివలన పుట్టు కొన్ని చురుకైన కణములు శరీర ధాతువులను చెఱచును. వానిని అణచు శక్తి స్పిరులినాలోని ఫైకోసయనిను అను నీలివర్ణ పదార్థమునకు కలదు. కొరియాలో 78 మంది వృద్ధులపై జరిపి 2008లో ప్రకటించిన పరీక్షలో దినమునకు 8 గ్రాములు 16 వారములు తినినవారికి ఈ విషయమున కొన్ని రక్తపు కొలతలు మెఱుగుపడెను. కొలత మెఱుగుపడుట వేరు, గుండెపోటు తప్పుట వేరు. గుండెపోట్లు తగ్గినవని నిరూపించిన పెద్ద పరీక్ష లేదు. స్టాటిను మాత్రల విషయమున అట్టి పరీక్షలనేకములు కలవు. కావున మాత్రలు మానుట ప్రాణముతో జూదమాడుట. పొడి తినదలచినవారు వైద్యునితో చెప్పి, మాత్రలతో పాటు తినవచ్చును.

పెంపకము సంగతి. స్పిరులినాకు వేడిమియు, వంటసోడాతో మిక్కిలి క్షారము చేసిన నీరును కావలయును. ఆ క్షారమే ఇతర జీవులను తొట్టిలో చేరనీయని కంచె. కంచె సడలినచో కాలేయమును చెఱచు విషముగల నాచులు చేరవచ్చును. నీటిలోని సీసము, పాషాణము వంటి వానిని సయితము ఈ జీవి తనలో చేర్చుకొనును. ప్రక్క చేనిలో చల్లిన పురుగుమందు తొట్టిలో పడినను ముప్పే. చెఱువుపై తేలు పచ్చని తెట్టును స్పిరులినా యని భ్రమించి ఎవ్వరును నోట బెట్టరాదు.

మా యభిప్రాయము స్పష్టము. సంఘము ఈ పని చేపట్టినచో మూడు నియమములు విధించుకొనవలయును. దీనిని ఆహారముగానే అమ్మవలయును. రోగము కుదుర్చునని సంచిపై ఒక్క మాటయు వ్రాయరాదు. ప్రతి విడత సరకును విషములకై పరీక్ష చేయింపక అమ్మరాదు. కొనువారు నిశ్చయమగువరకు ఏ సభ్యుడును అప్పు చేసి తొట్టి కట్టరాదు.

రోగి భయమును పెట్టుబడిగా చేసికొను వ్యాపారము లాభము తేవచ్చును. కాని మన సంచిని నమ్మి ఒక్కడు మాత్రలు మాని మరణించినచో ఆ లాభమును మనము ఏ పద్దున వ్రాసికొందుము? సభ్యులు యోచింతురు గాక.